శ్రీశైలమ్మ మల్లడు

రంగమ్మకు ఆ ఊళ్లో పగవాళ్లంటూ ఎవరూ లేరు, మల్లడు ఒక్కడు తప్ప. మల్లడు మనిషి కాదు, ఆబోతు. తెల్లటి ఒళ్లు, పక్కకు ఒరిగిన మూపురం, మోకాళ్ల దాకా వేలాడే గంగడోలు. ఊరి మందలో ఎన్ని ఆవులున్నాయో అన్నిటికీ వాడొక్కడే మొగుడు. ఆదోని నుంచి కౌతాళం పోయే బండ్లవాళ్లు కూడా బండి ఆపి మరీ వాణ్ని చూసిపోయేవాళ్లు. చూసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. "ఎవరిదప్పా ఈ కోడె?" అని అడిగేవాళ్లు. ఊళ్లో ముసలీముతకా, పిల్లాజెల్లా, అందరిదీ ఒకటే జవాబు. "శ్రీశైలమ్మ మల్లడు!"

చెన్నప్ప ఆబోతు అంటే ఏం, నోళ్లు పడిపోతాయా? కొట్టం చెన్నప్పది, గడ్డి చెన్నప్పది, పొద్దున్నే లేచి పేడ ఎత్తేది చెన్నప్ప పెండ్లాం రంగమ్మ. శ్రీశైలమ్మ అనే మొదటి పెండ్లాం కర్నూలు రాజధాని అయిన ఏడే జ్వరం తగిలి కన్నుమూసింది. మరుసటేడు చెన్నప్ప మద్దికెర పోయి రంగమ్మను చేసుకొచ్చాడు. ఇంతకాలం గడిచినా ఆ ఇంట్లోనే ఒక ప్రాణి చచ్చిపోయిన సవతి పేరు మోసుకుని వీధిలో దర్జాగా తిరుగుతుంటే ఒళ్లు మండదా చెప్పండి!

చచ్చినదాని మీద ఎవరైనా కుళ్లుకుంటారా అని మీరు అడగొచ్చు. కుళ్లుకుంటారండీ, బ్రహ్మాండంగా కుళ్లుకుంటారు. బతికున్న సవతి అయితే జుట్టూ జుట్టూ పట్టుకుని తేల్చుకోవచ్చు. పోయినదాన్ని ఏం చేయగలరు? దానికి వయసు పైబడదు, కోపం రాదు, పులుసులో ఉప్పు ఎక్కువ వేయదు. ఆ పనులన్నీ రంగమ్మే చేస్తుంది.

కాపురానికి వచ్చిన కొత్తలోనే రంగమ్మ ఇల్లు తన దారికి తెచ్చుకుంది. పొయ్యిని ఈ గోడ నుంచి ఆ గోడకు మార్చింది. శ్రీశైలమ్మ పెట్టిన కరివేపాకు చెట్టు కొట్టించి ఆ చోట మునగ కొమ్మ నాటింది. పాత మాటలు తవ్వుకోవడానికి వచ్చే ఆడవాళ్లకు మజ్జిగ కూడా పోయకుండా పంపించింది. మల్లణ్ని మాత్రం ఏమీ చేయలేకపోయింది. తల్లి చచ్చిన దూడను శ్రీశైలమ్మ చేతుల మీద సాకి అంతవాణ్ని చేసిందట. ఊరంతా మల్లణ్ని వాడు అనేవాళ్లు. రంగమ్మ 'అది' అనేది.

చెన్నప్ప మాటలు తక్కువ మనిషి. రంగమ్మ ముందు మొదటి పెండ్లాం పేరు ఎన్నడూ ఎత్తి ఎరగడు. ఎత్తి ఏడ్చినా కొంత నయంగా ఉండేదేమో. సాయంత్రం చేను నుంచి రాగానే కాళ్లయినా కడుక్కోకుండా నేరుగా కొట్టంలోకి దూరేవాడు. దూరితే ఒక పట్టాన బయటికి రాడు. రొట్టెలు చల్లారి అట్టలు కట్టుకుపోయేవి. అంతసేపు ఏం చేస్తాడో చూద్దామని రంగమ్మ ఒకరోజు గంప చంకన పెట్టుకుని పోయి తడిక వెనక నిలబడింది. చెన్నప్ప ఆబోతు మెడ నిమురుతూ మాట్లాడుతున్నాడు. ఆదోనిలో పత్తి ధర పడిపోయిన సంగతి, పక్క చేనివాడు గట్టు జరిపిన సంగతి, అన్నీ పూస గుచ్చినట్టు చెబుతున్నాడు. "మోకాలు ఒగటే పీకుతాందిరా మల్లా" అన్నాడు చివర.

మోకాలు నొప్పి! ఆ మాట తనకు చెప్పలేదు. ఒక్క ముక్క చెప్పి ఉంటే నూనె కాచి రాసి ఉండేది కదా! ఆ రాత్రి చెన్నప్ప కుంటుకుంటూ వచ్చి పీట మీద కూర్చుంటే రంగమ్మ చూడనట్టే ఊరుకుంది. నొప్పి ఎవరికి చెప్పుకున్నాడో వాళ్లనే రాయమననీ అనుకుంది.

ఏరువాక పున్నమి దగ్గర పడుతుండగా మందకాపరి హుసేనప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఊరి పసులన్నీ తోలుకుపోయి మేపేది అతనే. ఏ ఆవు ఎప్పుడు ఈనిందో, దాని తల్లి ఎవరో తండ్రి ఎవరో అతనికి నోటికి తెలుసు.

"చెన్నప్పన్నా, ఒగ మాట. మల్లని కడుపున పుట్టిన పెయ్యలు పడ్డలై ఎదకొస్తాండాయి. ఆబోతును మందలో ఉంచేది అంతవరకే. బిడ్డలు ఎదకొచ్చినాక ఉంచకూడదప్పా. వానికి బిడ్డని తెలుస్తాదా, పెండ్లామని తెలుస్తాదా? సుంకులమ్మ పడ్డ ఏమైందో సూస్తివి గదా."

అందరూ చూశారు. పక్కింటి సుంకులమ్మ పడ్డ మల్లడికి పుట్టిందే. ఈ ఎండాకాలం మల్లడికే ఈనింది. దూడకు రెండు కళ్లూ లేవు. తల్లి పొదుగు ఎక్కడుందో వెతుక్కుంటూనే చచ్చింది.

"అయితే యాడికి పంపమంటావు?" అన్నాడు చెన్నప్ప నేల చూస్తూ.

"మార్పు పెడదాం. కౌతాళం గోవిందన్న మందలోనూ ఇదే సంకటం. మనోణ్ని ఆడికి తోలుదాం, వాళ్ల కోడెను ఈడికి తెచ్చుకుందాం. మల్లనికీ మంచిదే కదన్నా. కొత్త మంద, కాలవ కింద పచ్చి గడ్డి. ఇంగా నాలుగేండ్లు దర్జాగా బతుకుతాడు."

చెన్నప్ప గడ్డం గోక్కున్నాడు. కాదనలేదు. తల ఊపబోతున్నట్టే కనిపించాడు. ఆ ఒక్క గడియ రంగమ్మ ఓర్చుకుని ఉంటే కథ అక్కడే అయిపోయేది. ఓర్చుకుంటే ఆమె రంగమ్మ ఎందుకవుతుంది! గడప దాటి ఊడిపడింది.

"ఆలోచించేకి ఏముండాది? రేపే తోలండి! కన్నబిడ్డలని కూడా సూడకుండా మీద పడే గొడ్డును ఇంట్లో పెట్టుకోని ముద్దులు సేస్తాండాడు. సాకినదాని బుద్ధులే వచ్చినాయి దానికి!"

చెన్నప్ప మెల్లగా లేచాడు. మొహం నల్లబడిపోయింది.

"నీ కడుపుమంట నాకు తెల్దనుకున్నావా? వాడు యాడికీ పోడు. ఇంగొగ ఏడు మందలోనే ఉంటాడు. ఏం జేసుకుంటావో జేసుకో పో."

హుసేనప్ప కండువా దులుపుకుని లేస్తూ రంగమ్మతో గొణిగాడు. "సెడగొడితివి గదా వొదినా! నేను సెప్పేది మందకోసరం. నీ నోట పడేతలికి అది సవితి మాటయిపాయ."

అదే రంగమ్మకు అన్నిటికన్నా కాలింది. తను చెప్పినదాంట్లో తప్పేముంది? హుసేనప్ప చెబితే న్యాయం, తను చెబితే కుళ్లు. ఇదే మాట ఆ మహాతల్లి బతికుండి చెప్పి ఉంటే ఎదురాడకుండా తోలి వచ్చేవాడు కాదూ! నోరు కుట్టుకుని ఊరుకుందామని చూసింది. సాయంత్రమయ్యేసరికి కొట్టంలోంచి ఆ గుసగుసలు వినబడేవి, కుట్లు తెగిపోయేవి.

రంగమ్మకు పుల్లి అని ఒక పడ్డ ఉంది. పెండ్లిలో తండ్రి మద్దికెర నుంచి తోలించిన ఆవుకు పుట్టిన తొలి పెయ్య. ఆ ఇంట్లో పుట్టింటి వాసన తగిలేది అదొక్కటే. పత్తి గింజలు రుబ్బి, తవుడు కలిపి తన చేత్తో తినిపించి పెంచింది. మరి దాని తండ్రి ఎవరు? ఊళ్లో ఉన్నది ఒకే ఆబోతు కదా, ఇంకెవరు? అందుకే హుసేనప్ప ముందే హెచ్చరించాడు, మల్లడి పడ్డలు ఎదకొస్తే మందకు విడవకుండా ఇంట్లోనే కట్టేయండని.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున పుల్లి అరుపులు మొదలుపెట్టింది. కుడితి ముట్టలేదు. తోక ఎత్తి పెడుతోంది, వెనక జిగురు తీగలు సాగుతోంది. ఇది ఎద కాక మరేమిటి? చెన్నప్ప తెల్లవారకముందే బండి కట్టుకుని ఆదోని పోయాడు. వీధిలో హుసేనప్ప కేక వినబడింది, మంద కదులుతోంది. రంగమ్మ గుంజ దగ్గర పలుపు పట్టుకుని నిలబడింది.

ఒక్కసారి జరగనీ, అనుకుంది. ఊరంతా చూడనీ. కళ్లారా చూశాక కూడా ఆ గొడ్డును వెనకేసుకొస్తాడేమో చూస్తాను.

పలుపు విప్పేసింది.

విప్పాక పొయ్యి ముందు కూర్చుంది. పుల్లి చిన్నప్పుడు తన వేళ్లు నాకింది గుర్తొచ్చింది. సుంకులమ్మ దూడ గుడ్డి కళ్లు గుర్తొచ్చాయి. ఇంకా వేళ మించలేదు, పరిగెత్తి పోయి పడ్డను మళ్లించుకు రావచ్చు. లేచి ఊరి చివర దాకా పోయింది కూడా. దూరాన బీట్లో మల్లడి తెల్లటి మూపురం కనబడింది. దాన్ని చూడగానే ఆ మెడ నిమిరే చెన్నప్ప చేయి గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి వచ్చేసింది. అసూయ పట్టిన మనిషికి తన వేలు తెగినా అవతలివాడి రక్తంలాగే కనబడుతుంది కాబోలు.

సాయంత్రం చెన్నప్ప బండి విప్పుతుండగానే హుసేనప్ప పుల్లిని పట్టుకుని వచ్చాడు. వీధంతా వినబడేట్టు అన్నాడు. "అన్నా, కాకూడంది అయినాది. మల్లడు పుల్లిని దాటినాడు. అడ్డం పోయి కొడితే నా కట్టె ఇరిగింది గానీ వాడు ఆగల్యా."

ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "సొంత బిడ్డే గదప్పా!" అంది సుంకులమ్మ. హుసేనప్ప రంగమ్మ వైపు తిరిగాడు. "పొద్దున్నే ఎదలో ఉండాదని తెలీలేదా వొదినా?"

"తెలీలేదు" అంది రంగమ్మ.

అందరూ పోయేదాకా ఆగి, పుల్లిని గుంజకు కట్టి, అప్పుడు అడిగాడు చెన్నప్ప. "దాని ఒంటి మీద గోమారి పురుగు పట్టినా నీకు తెలుస్తాది. ఎద తెలీలేదంటే నమ్మల్లనా?"

రంగమ్మ తల దించుకోలేదు.

"తెలుసు. తెలిసే ఇడిసినా. అవును, మంటే! నాకు మంటే! ఆ గొడ్డు మెడ నిమిరే చెయ్యి నా మీద ఎన్నడన్నా అట్ల పడిందా? మోకాలు నొప్పని దానికి సెప్తివి, నాకు సెప్పల్యా. నీ ఇంట్లో నేను ఎవురు? వండి పెట్టేదాన్నా, పేడ ఎత్తేదాన్నా?"

చెన్నప్ప కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

"నీ పుట్టింటి పడ్డనే బలి పెట్టినావు. రేపు మల్లని కుడితిలో ఏమన్నా కలపవని ఏం నమ్మకం? గోవిందన్నకు కబురంపుతా. వాడు బతికుంటే సాలు నాకు."

గెలిచింది రంగమ్మ. ఆబోతు పోతోంది! అయితే మంద కోసం కాదు, తన మాట విని కాదు, తన చేతిలోంచి వాణ్ని కాపాడుకోవడానికి పంపిస్తున్నాడు. అంత గెలుపూ నోట్లో చేదుగా అయిపోయింది. అయినా పోతున్నాడు కదా, అది చాలనుకుంది. మల్లడు లేని కొట్టంలోకి చెన్నప్ప ఎందుకు పోతాడు? ఇంట్లోకి వస్తాడు. వేడిగా రొట్టె తింటాడు. కాలు చాపి నొప్పంటాడు. ఆ ఒక్కదాని కోసమే రంగమ్మ రోజులు లెక్కపెట్టుకుంది.

గోవిందన్న ఎర్ర కోడెను తోలుకుని ఇద్దరు మనుషులతో వచ్చాడు. మల్లడికి పసుపు రాసి, కొమ్ములకు నూనె పెట్టి, వీధిలోకి తెచ్చారు. వీధి చివరిదాకా బాగానే నడిచాడు. అక్కడ ముందుకాళ్లు మడిచి కూలబడ్డాడు. లాగారు, తోక మెలిపెట్టారు, హుసేనప్ప బతిమాలాడు. రాయి కదిలితే వాడు కదులుతాడు. గోవిందన్న మనిషి ఒకడు గడ్డి చుట్టి నిప్పంటించి తోక కింద పెట్టబోయాడు.

"వాని ఒంటికి సెగ తగిలిందంటే మార్పూ ల్యా, గీర్పూ ల్యా! మీ కోడెను తోలుకోని పోండి!" అని చెన్నప్ప అరిచాడు.

"మాకూ పొద్దు పోతాంది చెన్నప్పా. లేస్తే లేపు, లేదంటే మేము పోతాం" అన్నాడు గోవిందన్న. ఇప్పుడు మిగిలిపోయాడంటే ఇంకెప్పటికీ పోడు, అనుకుంది రంగమ్మ.

సుంకులమ్మ అందుకుంది. "వాడు దూడప్పుడు శ్రీశైలి తన కొంగు పాలల్లో ముంచి సీకించింది. వానికి అదే తల్లి రొమ్ము. ఆయమ్మ కొంగు ముందర పోతాంటే వాడు ఎంత దూరమైనా పోతాడు. ఆయమ్మ చీర ఒగటి ఉంటేనా..."

"పోయిన మనిషి చీరలు యాడుంటాయి అత్తా? ఎప్పుడో చాకలికి ఏసింటారు" అంది రంగమ్మ.

చెన్నప్ప ఎవరినీ చూడకుండా కొట్టంలోకి పోయాడు. దూలానికీ పైకప్పు బోదగడ్డికీ మధ్య సందులో చేయి పెట్టి చీర ఒకటి తీసుకొచ్చాడు. ఎమ్మిగనూరు నేత చీర. ఆకుపచ్చది, ఎర్ర అంచు. నీటుగా మడత పెట్టి ఉంది. మీద ఒక్క దుమ్ము రేణువు లేదు.

రంగమ్మ చూసింది అదే. ఇన్నేళ్లు కొట్టం సందులో ఉన్న చీరకు దుమ్ము ఎందుకు లేదు? రోజూ ఎవరో తీసి దులిపితే కదా! ప్రతి సాయంత్రం చెన్నప్ప ఆబోతు దగ్గరికి పోతున్నాడని తను కుళ్లి చచ్చింది. పోయింది ఆబోతు కోసం ఒక్కటే కాదన్నమాట. ఆ కొట్టం తనే ఊడ్చేది, ఆ దూలం కింద తనే వంగేది, ఒక్కసారైనా తల ఎత్తి చూడలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. చీర లాక్కుని అక్కడే పరపర చింపేయాలనిపించింది. చింపితే మల్లడు ఇక్కడే ఉంటాడు.

చీర లాక్కుంది. ఇంట్లోకి పోయి కట్టుకుని వచ్చింది.

చెన్నప్ప ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. సుంకులమ్మ దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "గొంతు పెద్దది సేయొద్దు రంగా. నీ తిట్లు తిన్నోడు, నీ గొంతు ఇన్నాడంటే మళ్లీ కూలబడతాడు. శ్రీశైలి మెత్తగా పిలిచేది. అట్ల పిలువు."

రంగమ్మ కొంగు మల్లడి మూతి ముందు పెట్టింది. వాడు ముక్కుపుటాలు ఎగరేశాడు. నాలుక చాపి అంచు నాకాడు. "రా నాయినా" అంది రంగమ్మ, తన గొంతేనా అని తనకే అనుమానం వచ్చేంత మెత్తగా. మల్లడు లేచి నిలబడ్డాడు.

ముందు రంగమ్మ, వెనక మల్లడు, తాడు వదులుగా పట్టుకుని పక్కన గోవిందన్న, అందరి వెనక చెన్నప్ప. ఊరు దాటారు. నల్లరేగడి చేల మధ్య బండిబాట. కాలువ గట్టు దాకా తోడు పోతే ఆ తర్వాత తమ ఆవుల వాసనకు వాడే నడుస్తాడని గోవిందన్న అన్నాడు. ఆ గట్టు ఎక్కడో దూరాన సన్నగా కనబడుతోంది. మల్లడి ఊపిరి రంగమ్మ వీపుకు వెచ్చగా తగులుతోంది. తడిసిన కొంగు కాళ్లకు చుట్టుకుంటోంది. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ నడిచింది. గట్టు దగ్గర ఈ చీర విప్పి కాలువలో పారేస్తాను, ఇంటికి పోయి తలంటుకుంటాను, ఇక ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

అప్పుడు వెనక నుంచి చెన్నప్ప గొంతు వినబడింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి తనతో ఒక్కనాడూ మాట్లాడని గొంతు అది. అంత మెత్తని గొంతు ఆ మనిషి దగ్గర ఉందనే ఆమెకు తెలియదు.

"శ్రీశైలా, సూసి నడువు. ముందర ముండ్లుండాయి."

రంగమ్మ నోరు తెరుచుకుంది. నేను రంగమ్మను, శ్రీశైలి చచ్చింది, నేను రంగమ్మను అని ఊరూ వాడా దద్దరిల్లేట్టు అరవాలని మాట గొంతులోకి వచ్చేసింది. వీపు మీద వెచ్చటి ఊపిరి తగులుతూనే ఉంది. అరిస్తే వాడు కూలబడతాడు. గట్టు ఇంకా చాలా దూరం ఉంది.

"ఊఁ" అంది మెత్తగా, వెనక్కి తిరగకుండా. ముళ్లు తప్పించుకుంటూ నడిచింది.